పదకొండు పేజీలు

తేల్చి చెప్పమంది మొయిరా,
ఉంచుకోనా, వదిలించుకోనా అని.
నా చేతులకు గ్రీజు, ఆమె చేతిలో తాళాలు,
మా ఇద్దరి మధ్య
పళ్లు చూపించే ముసలి ఎద్దులా
బానెట్ తెరుచుకుని
డెబ్భై ఆరు నాటి ఫాల్కన్.

వయల్లాలో ఆ మధ్యాహ్నం
ఉక్కు ఫ్యాక్టరీ వైపు నుంచి ఎర్రదుమ్ము.
ఈ ఊళ్లో తెల్ల కారు కొన్నవాడు
ఏడాది తిరిగేసరికి గులాబీ కారు ఓనరు.
ఆమెది మొదట్నించీ ఎరుపే.
ఆ మాత్రం ముందుచూపుంది.

చూశాను. చూడ్డానికేముంది,
ముప్పై ఏళ్లుగా చూస్తున్నది నేనేగా.
రేడియేటర్ కారుతోంది.
వెనక చక్రం మీది తుప్పు
వేలితో నొక్కితే
టీలో నానిన బిస్కెట్‌లా లోపలికి పోయింది.
ఎనిమిది సిలిండర్లలో ఏడు చెప్పిన మాట వింటాయి,
ఎనిమిదోది దాని ఇష్టం.
జీలాంగ్‌లో ఈ ఇంజన్లు పోత పోసిన షెడ్డుకే తాళం పడింది.
విడిభాగం కావాలంటే
ఎక్కడో ఎవడో పోవాలి,
వాడి గరాజ్ ఖాళీ చేసేవాళ్లకి నేను ఫోన్ చెయ్యాలి.

అన్నీ చెప్పాను.
"ఏనుగుని మేపుతున్నావు" అన్నాను.
"తెలుసు. తొండమెత్తి సలాం కూడా కొట్టదు" అంది.

శనివారం పోర్ట్ అగస్టాలో కొత్తది నడిపిందట.
కరెంటుది.
బటన్ నొక్కాక బయల్దేరిందో లేదో తెలీలేదట.
గీత దాటబోతే
విందులో మోచేత్తో పొడిచే అక్కలా
స్టీరింగ్ తనే మెల్లిగా సర్దిందట.
"బావుంది థియో. అబద్ధమెందుకు, చాలా బావుంది.
నడుం నొప్పి లేదు.
కానీ ఆ నిశ్శబ్దంలో
నా మోకాలు టక్కుమంటం వినిపించింది,
బ్రేకు తొక్కిన ప్రతిసారీ.
ఇన్నేళ్లూ ఇది నాకు దాన్ని వినపడనివ్వలేదు."

నవ్వబోయి ఆగాను.

ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసిన మనిషి.
తెల్లారుజామున ఇంటికొస్తుంటే
ఉప్పుపొదల్లోని కంగారూలు
ఈ కారు గొంతు గుర్తుపట్టి తప్పుకునేవని ఆమె నమ్మకం.
నా షెడ్డుకొచ్చే సొట్ట బంపర్లు
ఆ సంగతి ఒప్పుకోవు.
పైకి అనలేదు.

డ్యాష్‌బోర్డు అరలోంచి నోట్‌బుక్ తీసింది.
ఎనభై నాలుగు నుంచి
పోయించిన ప్రతి లీటరూ, మార్చిన ప్రతి ప్లగ్గూ.
పాత టైర్ల మీద కూర్చుని లెక్కకి దిగాం.
మొదటి పేజీల్లో చీమలబారు లాంటి రాత.
"ఫ్యాన్ బెల్టు తెగింది. మేజోడు కట్టి ఇల్లు చేరాను."
"రే వెళ్లిపోయాడు. ఆయిల్ మార్చాను."
రెండూ ఒకే సిరా, ఒకే వరస.
పోనుపోను అక్షరాలు లావెక్కాయి.
ఈ మధ్య పేజీకి నాలుగు లైన్లే,
చదవలేక కాదు, కనపడక.

కూడిక చివర తేలిన అంకెకి
రెండు కొత్త కార్లొచ్చేవి,
మూడోదానికి బయానా మిగిలేది.
ఆమె చూసింది, నేనూ చూశాను.
ఇద్దరం టీ తాగాం.

తర్వాత, వేలు తడి చేసుకుని
బ్యాంకు క్యాషియర్‌లా ఖాళీ కాగితాలు లెక్కపెట్టింది.
పదకొండు.
"ఇవి నిండేదాకా" అంది.
"తర్వాత ఆ చప్పుడు లేనిదే కొంటా,
నా మోకాలితో కబుర్లు చెప్పుకుంటూ పోతా."

పేజీకి నెలన్నర లెక్కన
వచ్చే ఏడు చలికాలం దాటదు.
ఫరవాలేదు, అందాకా లాక్కురావచ్చు.
రేడియేటర్‌కి టంకం పెట్టి ఎంతో చెప్పాను.
బేరమాడలేదు.

నా సొరుగులోంచే కత్తి తీసుకుని
పెన్సిల్ మొన సూదిలా చెక్కింది.
కళ్లజోడు తీసేసి
పుస్తకం ముక్కుదాకా తెచ్చుకుని
తేదీ వేసింది.
"రేడియేటర్. థియో."
వంగి చూశాను.
లైనుకీ లైనుకీ మధ్య సందులో
నలభై ఏళ్ల కిందటి
చీమలబారు.